పెద్దమ్మ పోసిన నీళ్లు

పెద్దమ్మ పోయిందన్న కబురు బస్సులో వచ్చింది. పాలమూరు నుంచి పొద్దున్నే బయలుదేరే బస్సు షాద్‌నగర్‌లో ఆగినప్పుడు, కండక్టరు మావారు పనిచేసే బడికి నడిచివచ్చి, "సారూ, మీ మేనత్త తెల్లారుజామున పోయిందంట. మీరొచ్చేదాంక ఎత్తరంట, జర జల్ది పోండ్రి" అని చెప్పి వెళ్లాడు. నేను అప్పుడే పొయ్యి మీద పప్పు పెట్టాను. వేళ కాని వేళ ఆయన గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పకపోవడం చూసి, ఎవరు అని కూడా అడగలేదు. పొయ్యిలో నీళ్లు చల్లి బయలుదేరాను.

నారాయణపేట దారిలో ఉన్న మా అత్తగారి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. బతికుండగా ఏ శుభకార్యానికీ వాకిట్లోకి రానివ్వని మనిషిని ఆ రోజు నట్టనడుమ ఉంచారు. చూడవచ్చినవాళ్లంతా ఒకటే మాట. "మంచి మనిషి. ఎవ్వల జోలికి పోలే."

ఆ మాట నాలుగోసారి విన్నాక నాకు ఏడుపు ఆగి కోపం వచ్చింది. చచ్చిపోయిన ఆడదాన్ని మెచ్చుకోవడానికి మనకు ఇంతకంటే మాట దొరకదు కాబోలు. మా పెద్దమ్మ అందరి జోలికీ పోయింది. నా జోలికి వచ్చింది, నా మొగుడి జోలికి వెళ్లింది, ఆ వాడకట్టులో కాపురానికి వచ్చిన ప్రతి కొత్త కోడలి జోలికీ వెళ్లింది. ఆమె రాకపోయి ఉంటే నేను ఆ ఇంట్లో మిగిలేదాన్నే కాదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఇటువంటివి ఆడవాళ్లు రాయకూడదనుకునేవారు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు.

ఆమె మా మామగారికి అక్క, మావారికి మేనత్త. మన వరుసల లెక్కలో మొగుడి మేనత్త పెళ్లానికి అత్త కాదు, అమ్మ వరుస. అత్తగారింట్లో అత్తలు, ఆడబిడ్డలు, తోటికోడళ్లు ఎంతమందైనా ఉంటారు గానీ అమ్మ వరుస దొరకడం కష్టం. నాకు దొరికింది. వెళ్లిన మొదటి రోజే, "నన్ను పెద్దమ్మా అని పిలువు. అత్తమ్మలు నీకు శానామంది ఉన్నరు" అంది.

ఇరవయ్యో ఏట ఊళ్లో కలరా గత్తర పడి ఆమె భర్త పోయాడు. పిల్లలు లేరు. తమ్ముడి ఇంటికి వచ్చి చేరింది. బొట్టు లేని మనిషి కాబట్టి పందిట్లోకి రాకూడదు, పసుపు దంచే చోట కూర్చోకూడదు, పెళ్లికూతురికి ఎదురు పడకూడదు. ఇంటి వెనక పనికి మాత్రం ఏ అడ్డూ లేదు. పశువుల కొట్టంలో పడక, నీళ్ల పొయ్యి దగ్గర కొలువు. కోడి కూయకముందే లేచి రాగి కాగు నింపి, కందికట్టె రాజేసి, ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు కాచేది. వేడి ఎంతుందో వేలితో చూసేది కాదు, మోచేయి ముంచి చూసేది. "చెయ్యి పనికి మొద్దుబారింది. మోచెయ్యికి ఇంకా సిగ్గున్నది" అని నవ్వేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలంలో నా పెళ్లయింది. పాలమూరులో మేనమామ ఇంట్లో ఉండి మెట్రిక్ దాకా చదివాను కాబట్టి నాకు ఇరవై నిండాయి. "ముదురు పిల్ల" అని పందిట్లోనే అన్నారు. చదువైతే చదివాను గానీ, కాపురమంటే ఏమిటో నాకు ఒక్క ముక్క తెలియదు. మా అమ్మ పంపిస్తూ "ఆయన చెప్పినట్టు విను" అంది. అంతే. నాకు అక్క వరుసయ్యే ఒకామె పెళ్లయిన వారానికే జ్వరంతో పుట్టింటికి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఏమైందని అడిగితే నా నోరు మూయించారు. ఆ విషయంలో నేను చదివిన పాఠమంతా ఆ గోడే.

మొదటిసారి మమ్మల్ని అర్రలో ఉంచి తలుపు వేసినప్పుడు, జొన్నల గుమ్మి పక్కన కూర్చుండిపోయాను. ఆయన దగ్గరికి వస్తే ఏడ్చాను. ఆయన మంచివాడే, కానీ ఆయనకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. "సరే, పండుకో" అని తలుపు దగ్గర చాప వేసుకున్నాడు. మర్నాడూ అంతే.

లోపల ఏం జరిగిందో బయటివాళ్లకు తెలియదనుకున్నాను. ఆ వాడకట్టుకు ఒక కొలత ఉందని నాకు తెలియదు. కొత్త కోడలు పొద్దున్నే తలస్నానం చేసిందంటే కాపురం మొదలైనట్టు. తల పొడిగా ఉందంటే కానట్టు. తెల్లారగానే ఎదురింటి అక్క సల్లకని, అదే మజ్జిగకని, చెంబు పట్టుకుని వస్తుంది, ఇంకొకామె నిప్పుకని వస్తుంది. అందరి చూపూ నా జడ మీదే. మొదటి పొద్దు పొడి తల చూసి "పిల్లకు సిగ్గు" అని నవ్వారు. రెండో పొద్దు ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు మధ్యాహ్నం మా అత్తమ్మ మామతో మాట్లాడుతుంటే వంటింట్లో విన్నాను.

"పిల్లకు గాలి సోకిందో, ఇంకేమున్నదో. అమ్రాబాద్ దిక్కుకెల్లి ఆ మంత్రాలాయనను పిలిపిస్తవా?"

"మంత్రాలకెందుకు ఖర్చు? ఇంకో రెండు పొద్దులు చూత్తం. కాకుంటే బండి కట్టి వాళ్ల బాపు ఇంట్ల దింపి వస్త. పనికిరాని పిల్లనిచ్చిండని నలుగుర్ల చెప్త. నా చెల్లె బిడ్డ ఉండనే ఉన్నది."

పనికిరాని పిల్ల. ఆ మాట మోసుకుని మా ఊరికి పోతే మా నాయిన తల ఎత్తుకోలేడు. నా తరవాత ఇద్దరు చెల్లెళ్లున్నారు. వాళ్లను ఎవరు చేసుకుంటారు? ఆ పూట నాకు అన్నం దిగలేదు. మొగుడి దగ్గరికి వెళ్లడానికీ భయమే, పుట్టింటికి వెళ్లడానికీ భయమే.

మూడో పొద్దు స్నానాల బండ మీద కూర్చుంటే పెద్దమ్మ చెంబుతో నీళ్లు తీసి, "తల వంచు" అంది. భుజాల మీద పోస్తుందనుకుని వంచాను. నడినెత్తిన పోసింది.

"పెద్దమ్మా, వద్దు. ఇంకా ఏం కాలేదు. అబద్ధమైతది."

"నీళ్లు అబద్ధమాడుతయానే పిల్లా? తల తడిసింది. తడిసిందని కనవడ్తది. మిగిలింది చూసేటోళ్ల బుద్ధి. నువ్వు నోరిప్పకు."

తడి జుట్టుతో వాకిట్లోకి వెళ్లాను. రైక వీపంతా తడిసిపోయింది. ఎదురింటి అక్క చూసి కళ్లతో నవ్వింది. మా అత్తమ్మ ముఖం విప్పారింది, నా కంచంలో ఇంత వెన్న ఎక్కువ వేసింది. బండి ముచ్చట ఆగిపోయింది. నాకు మాత్రం భయం తీరలేదు. ఈ సంగతి తెలిసిన మూడో మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఆయన గుమ్మంలో నిలబడి నా జుట్టు వైపు చూస్తున్నాడు. తలుపు దగ్గర చాప మీద పడుకున్న మనిషికి, ఆ తడి ఎందుకో అర్థం కాలేదు. ఏమంటాడో వినడానికి ఆగలేక పేడ తట్ట అందుకుని కొట్టం వైపు వెళ్లాను.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ చెప్పింది. నేను కొట్టం గోడ అవతల పేడ ఎత్తుతున్నాను, మాటలన్నీ వినపడ్డాయి.

"అల్లుడా, నీ పెండ్లాం తల మీద నేనే నీళ్లు పోసిన. నువ్వు నోట్లె నీళ్లు పట్టుకోని ఉండు."

"ఎందుకత్తా గిదంత?"

"పిల్ల భయపడ్తాంది. భయపడ్డ ఆవు పాలు చేపుతదా? నువ్వు దగ్గెరికి పోకు. ముచ్చట పెట్టు. చదువుకున్నవు గద, ఏమన్న చదివి ఇనిపియ్యి. నీకు తొందరుంటది, నాకు తెలుసు. మొగోనికి తొందర ఉంటే తప్పు కాదు. ఆడిదానికి ఇష్టం ఉన్నా తప్పు కాదు. ఒకరికి ఉండి ఒకరికి లేకుంటేనే తప్పు."

ఆయన చెంబు అందుకుని నీళ్లు పోసుకున్నాడు. ఆ మాట తరవాత ఎవరితోనూ అనలేదు.

అప్పటి నుంచి పొద్దున పూట నీళ్ల పొయ్యి దగ్గర నాకు వేరే చదువు మొదలైంది. మూడు నిద్రలు అయిపోయాయి, వారాలు గడిచాయి. రోజూ కాదు, లెక్క చూసి, అనుమానం రాకుండా తల తడిపేది. తడుపుతూ మాట్లాడేది. మా అమ్మ చెప్పనివి, మెట్రిక్ పుస్తకాల్లో లేనివి. ఒంట్లో ఎక్కడ ఏముందో, ఎందుకు నొప్పి వస్తుందో, ఎప్పుడు రాదో, కూర వండే విధానం చెప్పినట్టు చెప్పేది. నేను చెవులు మూసుకుంటే నవ్వి, "గది శిక్ష కాదే. సుఖం. దేవుడు పెట్టిండు. సుఖం లేకుండ పిల్లలే కావాలంటే చెట్టుకు కాసినట్టు కాయనిచ్చేటోడు" అనేది. ఇంతలో అత్తమ్మ కడియాల చప్పుడు వినిపిస్తే, "కట్టె పచ్చిగున్నది, పొగ మస్తుగొస్తాంది" అని మాట మార్చేది.

ఒకసారి అడిగాను, నీకు ఎట్లా తెలుసని. ఆమె మంట ఎగదోసింది. "నేను సుఖపడ్డ. నాలుగేండ్లే, గని పడ్డ. అబద్ధం చెప్ప" అంది. తెల్ల చీర కట్టుకున్న మనిషి నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు, తరవాతా వినలేదు.

మేలు చేయబోయి ఇద్దరం ఎలా పట్టుబడ్డామో ఇప్పుడు చెప్పాలి. వైశాఖం చివర్లో ఆయనకు పాలమూరులో పరీక్ష కాగితాలు దిద్దే పని పడింది. పొద్దున వెళ్లి సాయంత్రం బస్సుకు రావాలి. ఆ సాయంత్రం బస్సు వచ్చింది, ఆయన రాలేదు. పని తెమలలేదు, మర్నాడు పొద్దున వస్తానని డ్రైవరుతో కబురు పెట్టాడు. అందరికీ తెలిసింది. కొట్టంలో పెందలాడే పడుకునే పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఎవరైనా ఏదైనా చెప్పాలని ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

తెల్లారి నేను నిద్రమత్తులో వెళ్లి బండ మీద కూర్చుని, అలవాటుగా తల వంచాను. ఆమె అలవాటుగా పోసింది. నీళ్లు మెడ దాటి వీపు మీదికి జారాక నాకు మెలకువ వచ్చింది.

"పెద్దమ్మా, ఆయన రాత్రి రాలేదు."

ఆమె చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. మొగుడు ఊళ్లో లేని రాత్రి గడిచి, పెళ్లాం తల తడిసింది. ఆ వాడకట్టులో దాని అర్థం ఒక్కటే. పెద్దమ్మ గబగబా తన కొంగుతోనే నా జుట్టు పిండింది. పొయ్యి ముందు నన్ను కూర్చోబెట్టి, పాయలు విడదీసి సెగకు పట్టింది. నా జుట్టు మోకాళ్ల దాకా ఉండేది, ఒత్తు. ఆ రోజు దాన్ని కోసి పారేయాలనిపించింది. పొగకు కళ్లు మండుతున్నాయి. మొదళ్లు కాస్త ఆరాయో లేదో, వాకిట్లోంచి "అక్కా, సల్ల" అన్న పిలుపు వినిపించింది.

ఎదురింటి అక్క నేరుగా పెరట్లోకే వచ్చింది. నా తల చూసింది. పొయ్యి చూసింది. చెంబు కింద పెట్టకుండానే మా అత్తమ్మ వైపు తిరిగింది.

"మీ కొడుకు రాత్రి బస్సు దిగలే గద అక్కా? మా ఆయన బస్సు కాడనే ఉండె."

"రాలే. ఎందుకు?"

"ఏం లే. కోడలు తల పోసుకున్నది గద, వచ్చిండేమో అనుకున్న."

మా అత్తమ్మ నా దగ్గరికి వచ్చి జుట్టు పట్టుకుని చూసింది. తడి ఆమె వేళ్లకు అంటింది. "ఎవరొచ్చిండ్రే?" అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. తలనొప్పి ఉండె అన్నాను. మామ ఎడ్ల దగ్గర నుంచి, వాటిని తోలే ములుగర్రతోనే వచ్చి నిలబడ్డాడు. ప్రహరీ గోడ మీదుగా ఇంకో రెండు ముఖాలు కనిపించాయి. చచ్చిపోతే బాగుండునని నిజంగా అనుకున్నాను. బావి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. అటు చూశాను కూడా. పెద్దమ్మ నా చూపు పట్టుకుంది. లేచి వచ్చి నాకూ బావికీ మధ్య నిలబడింది.

"నేనే పోసిన" అంది.

"రోజు నువ్వే పోస్తవు వదినె. ఎందుకు పోసినవని అడుగుతున్న."

"రోజు గూడ ఉత్తగనే పోసిన. లగ్గమైన మూడో పొద్దు సంది ఉత్త నీళ్లే. పిల్ల ఎట్లొచ్చిందో గట్లనే ఉన్నది. మీకు తడి జుట్టు గావాలె, నేను తడిపిన. రాత్రి అల్లుడు రాలేదని నాకు తెల్వక ఇయ్యాల గూడ పోసిన. పిల్లది ఏం తప్పు లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రంకు మాట పోయింది, పనికిరాని పిల్ల మాట మళ్లీ వచ్చింది. ఆమె సంగతి ఇంకా అధ్వానం. తమ్ముడి ఇంట్లో తింటూ తమ్ముణ్ని మోసం చేసిన మనిషి అయింది. పంపేస్తే వెళ్లడానికి ఆమెకు ఈ లోకంలో ఇంకో గడప లేదు. అది తెలిసే చెప్పింది.

మామ ములుగర్ర నేలకు కొట్టాడు. "బండి కడ్త. పిల్లను దింపి వస్త. నీ సంగతి వచ్చినంక చెప్త. మొగుడు లేనిదానివి, నీకెందుకే అక్కా గీ ముచ్చట్లు?"

"మొగడు పోయిండు తమ్మీ. యాది పోలే." పెద్దమ్మ ఆగలేదు. "ఆయన నాకు ఇష్టమైననాడే దగ్గెరికొచ్చిండు. గందుకే ఇన్నేండ్లకు గూడ మంచిగ యాదికున్నడు. మీ ఆడోళ్లకు మీరెట్ల యాదికుంటరో, జర అడిగి చూడుండ్రి."

తరవాత గోడ మీది ముఖాల వైపు, ఎదురింటి అక్క వైపు తిరిగింది. "మీరు చెప్పుండ్రి. మీ తల తడిసిన మొదటి పొద్దు, ఎందరు ఏడ్సుకుంట తడుపుకున్నరు?"

గోడ మీద ముఖాలు ఒకటొకటే కిందికి దిగాయి. ఎదురింటి అక్క సల్ల పోయించుకోకుండానే, ఖాళీ చెంబుతో వెళ్లిపోయింది. మా అత్తమ్మ పొయ్యి దగ్గర కూలబడింది. నా జుట్టు పట్టుకున్న చెయ్యి తడిగానే ఉంది, దాన్నే చూసుకుంటోంది.

"నాకు జరమొచ్చింది" అంది చివరికి. ఎవరితో అన్నదో తెలియదు. "లగ్గమైనంక మూడు దినాలు జరం. గంత జరంల గూడ తల పోసుకొమ్మన్నరు. పోసుకున్న."

మామ ఆమె వైపు చూడలేకపోయాడు. బండి మాత్రం కట్టాడు. పంతం పట్టిన మగవాడికి చేతులు ఖాళీగా ఉండకూడదు. ఎడ్లను కాడికి కడుతుండగానే పొద్దున బస్సు దిగి మా ఆయన వచ్చాడు. బండి చూశాడు, నన్ను చూశాడు. వాళ్ల నాయిన అడిగాడు, నిజమేనా అని.

"నిజమే. అత్తనేమనకుండ్రి. నేనే ఆగిన. ఆమెకు భయముండె. నాకు గూడ ఉండె." చేతిసంచి బండిలో పెట్టాడు. "బండి పోతే ఇద్దరం ఎక్కుతం."

ఎడ్లను విప్పేశారు. కానీ ఇంటి యజమాని ఓడిపోయి ఊరుకోడు కదా. "ఇయ్యాల్టి సంది అక్క చేతి నీళ్లు ఈ ఇంట్ల ఎవ్వరు పోసుకోవద్దు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆమెకు ఆ ఇంట్లో ఉన్న ఒక్క కొలువూ అలా పోయింది. ఆమెకు కంచం కొట్టం గుమ్మంలోకే వెళ్లేది. ఊళ్లో ఆమెను అనరాని మాటలన్నారు. ఎవరి ఇంట్లోనైనా కొత్త కోడలు ఉంటే ఆమెను చూసి తలుపు వేసుకునేవారు. నేను నీళ్లు కాస్తుంటే ఆమె కొట్టంలోంచి చూసేది. మంట ఎక్కువైతే చేత్తో సైగ చేసేది. నోటితో అనేది కాదు. నా కోసం ఒక మనిషి అలా కూర్చోవడం చూడలేక, పొగ వంకతో రోజూ ఏడ్చేదాన్ని.

వానలు పడ్డాయి. జొన్న మొలిచింది. అర్రలో తలుపు దగ్గరి చాప కొంచెం కొంచెం లోపలికి జరిగింది. ఆయన బడి నుంచి పత్రికలు తెచ్చి చదివి వినిపించేవాడు. బాగా చదివేవాడు కాదు, తప్పులు పట్టి నవ్వేదాన్ని. ఒకరోజు నవ్వుతూ ఆయన చేతిలోంచి పత్రిక లాక్కున్నాను, తిరిగి ఇవ్వలేదు. ఇంతకంటే రాయను. ఇది మాత్రం రాస్తాను: నాకు జ్వరం రాలేదు. గోడ వైపు తిరగలేదు.

మర్నాడు పొద్దున కాగులో నీళ్లు కాగాక, మామ వేపపుల్లతో వాకిట్లో ఉండగానే కొట్టంలోకి వెళ్లి పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"రా పెద్దమ్మా. ఇయ్యాల నువ్వే పోయాలె."

"వద్దే. నీ మామ ఒప్పుకోడు."

"ఇయ్యాల ఉత్త నీళ్లు కావు."

ఆమె నా ముఖం వైపు చూసింది. ఊరంతా అడిగే ప్రశ్న ఏదీ ఆమె అడగలేదు. "నీకు ఇష్టమైందా?" అంది.

"అయింది."

ఆమె లేచి వచ్చింది. బండ దగ్గర నిలబడి నీళ్లలో మోచేయి ముంచి చూసింది. నేను తల వంచాను. మామ చూశాడు, మా అత్తమ్మ చూసింది. మామ నోరు తెరవబోతే అత్తమ్మ, "పోనియ్యి. నీళ్లు సల్లారుతయి" అంది. ఆ ఇంట్లో ఆమె మొగుడి మాటకు అడ్డం రావడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. చెంబు తరవాత చెంబు నా తల మీద పోస్తూ పెద్దమ్మ ఏడ్చింది.

తరవాతి సంవత్సరాల్లో ఆ వాడకట్టుకు వచ్చిన కోడళ్లు ఏదో వంకన మా పెరట్లోకి వచ్చేవారు. సల్లకని, నిప్పుకని. ఎదురింటి అక్కే తన కోడల్ని స్వయంగా తీసుకొచ్చి, "జర నువ్వు చెప్పు పెద్దమ్మా, నాకు నోరు రాదు" అని వదిలి వెళ్లింది. ఇద్దరు ముగ్గురు మొగపిల్లలకు కూడా పెద్దమ్మ చెప్పింది. అందరూ విన్నారని అనను. వినని ఇంట్లో పిల్ల ఏడుపు ఆమెకు కొట్టంలోకి వినపడేది, ఆ పొద్దు అన్నం ముట్టేది కాదు. మేం షాద్‌నగర్‌కు మారాక, ఈమధ్య ఊరికి వెళ్తే, పంచాయతీ గోడ మీద సర్కారు వాళ్లు గీసిన కుటుంబ నియంత్రణ ఎర్ర ముక్కోణం చూపించి, అదేమిటని నన్ను అడిగింది. చెప్పాను. "సర్కారుకు పిల్లలు ఎక్కువైన సంగతి తెల్సింది. ఆడిదానికి సంతోషం తక్కువైన సంగతి ఎన్నడు తెలుస్తదో" అని నవ్వింది. అదే ఆమె నాతో ఆడిన చివరి మాట.

మావారు ఈ కాగితాలు చదివారు. "నన్ను జర మంచోన్ని చేసి రాసినవు, ఆమె చెప్పకపోతే నేనేం చేద్దునో" అన్నారు. ఆ మాట కూడా ఉండనిమ్మన్నారు, ఉంచాను.

పెద్దమ్మ పోయిన సాయంత్రం, మగవాళ్లు ఆమెను ఎత్తుకుని వెళ్లాక, ఆడవాళ్లం స్నానాలకు పెరట్లోకి వచ్చాం. చావు ఇంట్లో నీళ్లు కాచరు. పొయ్యి చల్లగా ఉంది, రాగి కాగు బోర్లించి ఉంది. బావి నుంచి తోడిన నీళ్లు ఒకరి తల మీద ఒకరం పోసుకున్నాం. మా అత్తమ్మ తల మీద నేను పోశాను. ఎదురింటి అక్క నా తల మీద పోసింది. దాని తరవాత అరుగు మీద వరుసగా కూర్చున్నాం, ముసలివాళ్లు, కోడళ్లు, నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్లలు. అందరి జుట్టూ విప్పే ఉంది, అందరి వీపూ తడిసే ఉంది. ఎవరి తల ఎందుకు తడిసిందని ఆ పూట ఎవరూ ఎవరినీ అడగలేదు.